తాళాలాయన ఇంట్లో అతిథి

తాళాలాయన ఎవరినీ నమ్మడు. ఇది గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, ఆయనే ఒప్పుకునే సంగతి. పాలు పోసే మనిషి నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువ కలిపాడనుకుంటాడు. నవ్వకుండా వెళ్ళిపోతే తన గురించి ఎవరో ఏదో చెవిన వేశారనుకుంటాడు. ఆ మనిషికి పన్నునొప్పి అయినా ఉండొచ్చు కదా అన్న ఆలోచన ఆయనకి చచ్చినా రాదు.

చేసే పని అలాంటిదని సమర్థించుకుంటాడు. వీధి మలుపులో, మెట్ల కింద, నిలబడితే తల తగిలే గూడులాంటి కొట్టు ఆయనది. ముప్పయ్యేళ్ళకు పైగా అందులో కూర్చుని, ఆకురాయితో ఇత్తడి అరగదీస్తూ లోకాన్ని చూశాడు. ‘మా ఇంటి తాళంచెవి పోయింది’ అని వచ్చినవాళ్ళలో ఎవరు సొంత ఇంటికి వెళ్తున్నారో, ఎవరు విడిపోయిన భార్య ఇంటికి వెళ్తున్నారో మొహం చూసి చెప్పేస్తానంటాడు. చాలాసార్లు తప్పే చెప్పాడు. అయినా ఆ అలవాటు మానలేదు.

తమాషా ఏమిటంటే, ఎవరినీ నమ్మని ఈ మనిషిని భవనమంతా నమ్మింది. ఆయన ఉండేది అయిదంతస్తుల పాత భవనంలో మొదటి అంతస్తు. కట్టినవాడు కక్కుర్తిపడి అన్ని తలుపులకీ ఒకే రకం చవక స్ప్రింగు తాళాలు బిగించి చేతులు దులుపుకున్నాడు. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, తలుపు ధన్‌మని మూసుకుని దానంతటదే తాళం పడిపోతుంది. చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళూ, పేపరు కోసం బనీనుతో వచ్చిన మగవాళ్ళూ గడప అవతల దిక్కులు చూస్తూ నిలబడటం అక్కడ మామూలే. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ రెండో తాళంచెవి తెచ్చి తాళాలాయన ఇంట్లో పెట్టారు.

ముందు గదిలో, తలుపు వెనక, గోడకి ఒక చెక్క పలక. దానికి మేకులు, మేకుకో తాళంచెవి. దేనికీ చీటీ లేదు. దొంగ వచ్చినా ఏది ఎవరిదో తెలియకూడదని ఆయన ఉద్దేశం. ఆ సంగతి తెలిసింది ఆయనకీ, మాస్టరుకీ మాత్రమే.

మాస్టరు అంటే ఆ ఇంట్లో రెండో మనిషి. వీధి చివరి బేకరీలో రొట్టెలు కాల్చేవాళ్ళందరికీ పెద్ద. తెల్లవారకముందే పనికి వెళ్ళి, మధ్యాహ్నానికి పిండి అంటిన చెప్పులతో తిరిగొస్తాడు. పొయ్యి వేడికి కనుబొమలు సగం రాలిపోయి, ఎప్పుడూ దేనికో ఆశ్చర్యపోతున్నట్టుంటుంది ఆయన మొహం. నలుగురు మాట్లాడుకుంటుంటే తాళాలాయన పక్కనుంచి జారుకుంటాడు, మాస్టరు ఆగి అయిదోవాడవుతాడు. నీళ్ళ మోటారు మొరాయించిందంటే పానా పట్టుకుని కిందికి దిగేది ఆయనే. మధ్యాహ్నం పూట ఇంట్లో దొరికే మగవాడు ఆయనొక్కడే మరి. వాళ్ళు ఆ భవనంలోకి వచ్చి పద్ధెనిమిదేళ్ళయింది, అన్నేళ్ళూ ఆ పని ఆయనదే.

ఈ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారంటే, లోకానికి చెప్పుకున్నది ఒకటుంది. మాస్టరు తాళాలాయన పిన్ని కొడుకు, వరసకి తమ్ముడు. అసలు సంగతి వేరు. వాళ్ళకి పెళ్ళి చేసినవాళ్ళెవరూ లేరు గానీ, పాతికేళ్ళుగా ఆలుమగలు ఎలా బతుకుతారో అలాగే బతుకుతున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని ఒకరు, కిటికీ వేయడం మర్చిపోయావని ఒకరు సణుక్కుంటూ, రాత్రికి ఒకే మంచం మీద వీపులు ఆనించుకుని నిద్రపోతారు. చట్టం అలాంటివాళ్ళని జైల్లో పెట్టడం మానేసి కొన్నేళ్ళే అయింది. పెళ్ళని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఆ మధ్య సందులోనే వాళ్ళూ సర్దుకుని బతుకుతున్నారు.

వాళ్ళకి పరిచయం కలిగింది కూడా అనుమానంతోనే. బేకరీలో పిండి బస్తాల గది తాళం బిగుసుకుపోతే తాళాలాయన వెళ్ళి తెరిచాడు. పని అయ్యాక, అప్పుడే పనిలో చేరిన కుర్రవాడు వేడి రొట్టె ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. కూలి కోసెయ్యడానికి వేసిన ఎత్తనుకున్నాడు తాళాలాయన. కూలి పూర్తిగానే ముట్టింది. మర్నాడు ఆ కుర్రవాడు కొట్టు దగ్గరికే రొట్టె పట్టుకొచ్చాడు. అనుమానం ఇంకా పెరిగింది. అది తీరడానికి ఏడాది పట్టింది, తీరాక ఆ మనిషి కనబడని రోజు అన్నం సయించడం మానేసింది.

మొదట్లో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు. ఒకరోజు ఇద్దరూ పనుల్లో ఉండగా ఇంటి యజమాని తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వెళ్ళాడు. పైపు కారుతోందని వెళ్ళానని తర్వాత చెప్పాడు. పైపు సంగతి దేవుడెరుగు, లోపల ఒకే మంచం, దాని మీద రెండు దిళ్ళు చూశాడు. సాయంత్రానికి సామానంతా వీధిలో ఉంది. మాస్టరు గిన్నెలు బండికెత్తుతుంటే, నిన్నటిదాకా ఆయన చేతి రొట్టెలు తిన్న ఎదురింటి వాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. మాస్టరు దాన్ని ఎప్పుడో మర్చిపోయాడు. తాళాలాయన మర్చిపోలేదు.

ఆ తర్వాత కూడబెట్టి, సొంతంగా ఈ ఇల్లు కొన్నాడు. తన తలుపుకి స్ప్రింగు తాళం పీకేసి మూడు గట్టి తాళాలు బిగించాడు. రెండో గదిలో ‘తమ్ముడి మంచం’ ఒకటి వేశాడు. ఎవరూ పడుకోని ఆ మంచం మీద దుప్పటిని రోజూ పొద్దున్నే కాస్త నలిపి, పనికి వెళ్తాడు. ఎవరైనా తొంగిచూస్తే, పడుకుని లేచినట్టు కనబడాలి కదా. పలక మీది తాళంచెవుల్ని మాత్రం, ఇంటివాళ్ళు పక్కన లేకుండా ఆయన ఏనాడూ ఏ తలుపులోనూ తిప్పలేదు.

ఇంత కట్టుదిట్టంగా ఉన్నా మాస్టరు ఒకసారి కొంప ముంచబోయాడు. మూడో అంతస్తులో నర్సమ్మ ఉంటుంది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. మోటారు దగ్గర నిలబడి, “ఆ తాళాలాయన నీకేమవుతాడయ్యా?” అని అడిగింది. మర బిగించే ధ్యాసలో ఉన్న మాస్టరు, “మా మేనత్త కొడుకండి,” అనేశాడు. పిన్ని కొడుకైతే అన్నదమ్ములు, మేనత్త కొడుకైతే బావా బావమరుదులు, ఒకే మనిషి రెండూ ఎలా అవుతాడు? నర్సమ్మ “ఊఁ” అని ఊరుకుంది. ఆ ‘ఊఁ’లో ఏముందోనని తాళాలాయన ఏళ్ళ తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఆమె మెట్లు దిగుతుంటే ఈయన తలుపు వేసుకునేవాడు.

ఇలా ఉండగా భవన సంఘానికి ఎన్నికలొచ్చాయి. ఆ సంఘంలో అందరికీ కావలసినదీ, ఎవరూ చేయనిదీ నీళ్ళ పని. చాలా ఏళ్ళుగా అయిదో అంతస్తు పెద్దాయన చేతిలో ఉంది. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు, కుర్చీ వేసుకుని కూర్చుని పురమాయించడం తప్ప చెయ్యి తడుపుకోడు. మోటారు కింద పడుకునేది మాస్టరు, సంఘం సమావేశంలో ధన్యవాదాలు అందుకునేది ఆయన. ఎండాకాలంలో మిగతా అంతస్తులకి ధార సన్నబడినా అయిదో అంతస్తులో మాత్రం బకెట్లు పొంగేవి.

“నీళ్ళ పనికి నా పేరిచ్చాను,” అన్నాడు మాస్టరు ఒక మధ్యాహ్నం, కూర వడ్డిస్తూ.

తాళాలాయన చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. “ఎవరిమ్మన్నారు?”

“టైలరు అన్నాడు నిలబడరాదూ అని. నాకూ బావుందనిపించింది.”

“అందులో టైలరుకేం లాభం?”

“నీళ్ళొస్తాయి. అంతకన్నా ఏం కావాలి మనిషికి?”

“నిలబడితే ఆరా తీస్తారు. కూపీ లాగుతారు. నీకు మనుషుల సంగతి తెలీదు.”

“మనుషుల సంగతి నాకు తెలుసు. నీకు తాళాల సంగతి తెలుసు. అన్నం తిను,” అన్నాడు మాస్టరు.

అన్నం తిన్నాడు గానీ రుచి తెలియలేదు. రెండో అంతస్తు టైలరు మంచివాడే, కానీ మంచివాడు ఊరికే ఎందుకు మంచిగా ఉంటాడన్నది తాళాలాయన ప్రశ్న. ఎవరో టైలరుని వాడుకుంటున్నారనీ, మాస్టరుని ముందుకి తోసి, నలుగురిలో నిలబెట్టి, గుట్టు బయటపెట్టి ఇద్దరినీ వెళ్ళగొడతారనీ లెక్క కట్టాడు.

ఆ వారంలోనే మొదటి తాళంచెవి వెళ్ళిపోయింది.

వచ్చింది సంఘం అధ్యక్షురాలు, కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు మేడం. గుమ్మంలోనే నిలబడి, “మా తాళంచెవి ఇస్తారా? మా చెల్లెలు వస్తోంది, తనకివ్వాలి,” అంది. ఆమెకి చెల్లెలున్నట్టు ఆయన ఎన్నడూ వినలేదు. మారుమాట్లాడకుండా మేకు మీంచి తీసిచ్చాడు.

మర్నాడు నాలుగో అంతస్తు నుంచి ఒకరు వచ్చారు. ఊరెళ్తున్నామన్నారు. ఊరెళ్ళేవాళ్ళు తాళంచెవి పెట్టి వెళ్తారు గానీ పట్టుకెళ్ళరు. ఆ సాయంత్రం ఇంకొకరు, మర్నాడు పొద్దున్న మరొకరు. అందరికీ ఏదో ఒక వంక, ఎవరూ కళ్ళలోకి చూడరు. అందరిలోకీ టైలరుది మరీ విడ్డూరం. “కొత్త తాళం వేయిస్తున్నామండీ, పాతదానితో పని లేదు,” అని నీళ్ళు నమిలాడు. తాళాలు వేసే మనిషి ఎదురుగా నిలబడి, ఆ తాళం ఎవరిచేత వేయిస్తున్నాడో చెప్పలేకపోయాడు. తాళాలాయనకి చెంప మీద కొట్టినట్టయింది. తీసిచ్చి తలుపు వేసుకున్నాడు.

చివరికి నర్సమ్మ వచ్చింది. ఆమె వంక కూడా చెప్పలేదు. “మా తాళంచెవి ఇటివ్వండి,” అంది. ఇచ్చాడు. “ఏమీ అనుకోకండి,” అని గొణిగి, ఆయాసపడుతూ మెట్లెక్కింది. ఆ మాట ఎవరైనా ఊరికే అంటారా? అనుకోవలసింది ఏదో ఉంటేనే అంటారు. ఇదంతా ఈవిడ నోటి చలవేనని తాళాలాయన అప్పుడే ఖాయం చేసుకున్నాడు. పలక మీద ఖాళీ మేకులే మిగిలాయి. తలుపు తీసినప్పుడల్లా అటు చూడలేక మొహం తిప్పుకునేవాడు.

ఇంకా దుర్భరమైన సంగతి మరొకటి ఉంది. పలక ఖాళీ అవుతుంటే మాస్టరు చూశాడు, పెదవి విప్పలేదు. పేపరు రాకపోతే వాకబు చేసే మనిషి, గోడంతా బోసిపోతుంటే ఒక్క ముక్క అడగలేదు. ఒకరోజు తాళాలాయన కొట్టు నుంచి వస్తుంటే మెట్ల మీద మాస్టరూ టైలరూ గుసగుసలాడుతున్నారు. ఈయన అడుగుల చప్పుడు వినగానే మాట మార్చి, ఎండలు ముదిరాయనుకున్నారు. పాతికేళ్ళలో మొదటిసారి తాళాలాయనకి మాస్టరు మీద అనుమానం కలిగింది. ఎవరినీ నమ్మనివాడికి నమ్మకమంటూ ఒకే చోట ఉంటుంది. అది కూడా కదిలేసరికి ఆయన నిజంగా భయపడ్డాడు.

సమావేశానికి ముందు రోజు ఇక ఆగలేకపోయాడు. మాస్టరు వంటింట్లో చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు.

“తాళాలన్నీ ఎందుకు పట్టుకెళ్తున్నారో నీకు తెలుసు కదూ?” అన్నాడు గుమ్మంలో నిలబడి.

మాస్టరు తల ఎత్తలేదు. “రేపయ్యాక మాట్లాడుకుందాం.”

“రేపయ్యేసరికి సామాను వీధిలో ఉంటుంది. నీ పేరు వెనక్కి తీసుకో. బతిమాలుతున్నాను.”

మాస్టరు సూది పక్కన పెట్టాడు. గొంతు పెంచలేదు. “పద్ధెనిమిదేళ్ళుగా ఆ మోటారు కింద పడుకుంటున్నాను. సమావేశంలో నాకు కుర్చీ లేదు. ఓటు లేదు. నోటితో తమ్ముడన్నావు, సంఘం పుస్తకంలో నన్ను నీ ఇంటి అతిథి అని రాయించావు. అతిథి అంటే వచ్చి పోయేవాడు. నేనెక్కడికి పోయాను చెప్పు?”

“నిన్ను కాపాడటానికే కదా అలా రాయించాను.”

“కాపాడావు. కాదనను. కానీ నిబంధన ఇంకోలా ఉంది. ఇంటి యజమాని నిలబడొచ్చు, లేదా యజమాని భార్యో, భర్తో, పిల్లలో నిలబడొచ్చు. తమ్ముడు పనికిరాడు. రేపు పెద్దాయన ఈ మాట ఎత్తకుండా ఉండడు. నేనేమవుతానని అడుగుతారు.”

“అడిగితే?”

“నేను చెప్పను. ఇల్లు నీ పేర ఉంది, నువ్వే చెప్పు. తమ్ముడంటావా, సరే, నోరు మూసుకుని వచ్చేస్తాను, నిన్నొక్క మాట అనను. కానీ ఇంక ఆ మోటారు ముట్టుకోను. ఆ మంచం దుప్పటి నలిపేది కూడా మానెయ్. పొద్దున్నే నువ్వు ఆ పని చేస్తుంటే నాకెలా ఉంటుందో నువ్వెప్పుడూ అడగలేదు.”

నిజమే, తాళాలాయన ఎప్పుడూ అడగలేదు. మాస్టరు మళ్ళీ సూది అందుకున్నాడు.

ఆదివారం పొద్దున్న సెల్లార్లో బళ్ళన్నీ పక్కకి జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీలు యజమానులకి. తాళాలాయన చివరి వరసలో తలుపు దగ్గర కూర్చున్నాడు, అవసరమైతే త్వరగా బయటపడటానికి. మాస్టరు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, నిన్న బొత్తాం కుట్టుకున్న చొక్కా వేసుకుని. తాళాలాయన ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు. టైలరు నేల చూపులు చూస్తున్నాడు. నర్సమ్మ ముందు వరసలో కూర్చుని, ఒకసారి వెనక్కి తిరిగి ఈయన్ని చూసి మళ్ళీ అటు తిరిగింది. నాలుగో అంతస్తు వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకున్నారు. అంతా ముందే మాట్లాడుకున్నారని ఆయనకి రూఢి అయింది.

లెక్చరరు మేడం లేచి, నీళ్ళ పనికి ఇద్దరి పేర్లు వచ్చాయంది. అయిదో అంతస్తు పెద్దాయన వెంటనే చెయ్యెత్తాడు.

“నాకు వ్యక్తిగతంగా ఏమీ లేదు,” అన్నాడు. ఆ మాటతో మొదలుపెట్టాడంటేనే ఏదో ఉందని తాళాలాయన చెవులు రిక్కించాడు. “కానీ నిబంధన అంటూ ఒకటి ఏడిచింది కదా. ఆ మాస్టరు యజమాని కాదు. ఆ ఇంటికి ఆయన ఏమవుతాడో ముందు తేలాలి.”

మేడం మాస్టరు వైపు చూసింది. మాస్టరు తాళాలాయన వైపు చూశాడు. దాంతో అందరి తలలూ వెనక్కి తిరిగాయి.

తాళాలాయన లేచి నిలబడ్డాడు. ‘తమ్ముడు’ అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, ఇన్నేళ్ళుగా అక్కడే కాపురం ఉంది. అది చెప్పేస్తే బతికిపోవచ్చు. కానీ బతికించుకోవడానికి ఇంకేం మిగిలింది? తాళాలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ఇంటికి రావడం మానేశారు. సంగతి అందరికీ తెలిసిపోయింది, నలుగురి ముందూ నోటితో చెప్పించడానికి కూర్చోబెట్టారు, అంతే. పోవలసిందంతా ముందే పోయాక ఇంక ఈ అబద్ధం ఎవరికోసం? స్తంభం దగ్గర నిలబడిన ఆ ఒక్క మనిషినీ పోగొట్టుకోవడానికా?

“ఆయన నా తమ్ముడు కాదు,” అన్నాడు. “మా పిన్నికి అందరూ ఆడపిల్లలే.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

“పాతికేళ్ళుగా మేమిద్దరం కలిసి కాపురం చేస్తున్నాం. ఆయనకి జ్వరమొస్తే నేను చూస్తాను, నాకొస్తే ఆయన. నా తర్వాత ఆ ఇల్లు ఆయనది. మీ నిబంధనలో భార్య, భర్త అని రెండు మాటలున్నాయి. ఏ మాట కింద రాసుకుంటారో మీ ఇష్టం. అతిథి అని మాత్రం ఇంక రాయకండి. మేం తప్పు పని ఏదీ చెయ్యలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చెయ్యం.”

కూర్చున్నాడు. ఒక జంట లేచి, కుర్చీలు చప్పుడయ్యేలా జరిపి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

“ఖాళీ చెయ్యమని ఎవరన్నారు?” అంది మేడం, నిజంగానే అర్థం కానట్టు.

పెద్దాయన తేరుకుని గొంతు సవరించుకున్నాడు. “కలిసి ఉంటే సరిపోదు కదండీ. పెళ్ళయినట్టు కాగితం ఉందా? చట్టం ఒప్పుకోనిది మన సంఘం ఎలా ఒప్పుకుంటుంది?”

నర్సమ్మ కుర్చీలోంచి లేవకుండానే అటు తిరిగింది. “మీ పెళ్ళి కాగితం ఎవరికి చూపించారు బాబూ మీరు? సామాను దించుకున్న రోజు ఈవిడ నా భార్య అన్నారు, సరే అనుకున్నాం. ఇక్కడున్న జంటలన్నిటినీ అలాగే నమ్మాం. ఆయన కూడా ఇప్పుడు నోటితోనే చెప్పాడు. ఆయన నోటికే కాగితం ఎందుకు కావలసి వచ్చింది?”

పెద్దాయన పక్కన కూర్చున్న ఆయన భార్య చీర కొంగు సర్దుకుంటూ నేల చూసింది.

“నాకు నచ్చిందా అంటే, అంతగా నచ్చలేదు,” అని నర్సమ్మే మళ్ళీ అంది. “పాతకాలం దాన్ని. కానీ ఒకరి మాటకి ఒక విలువ, ఇంకొకరి మాటకి ఇంకో విలువా అంటే మాత్రం ఒప్పుకోను. పైగా వీళ్ళకి వరసలు కలవడం లేదని నాకెప్పుడో తెలుసు.”

“సరే,” అన్నాడు పెద్దాయన, మొహం ఎర్రబడగా. “ఇంకో మాట. ఈ భవనంలో ఇంటింటి తాళాలూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. తాళం వాళ్ళ చేతిలో పెట్టి ఓటు ఇంకొకరికి ఎవరేస్తారు? ఇది న్యాయమైన పోటీయేనా?”

అప్పుడు టైలరు లేచాడు. “తాళాలు అక్కడ లేవండీ. మాస్టరే ఇంటింటికీ తిరిగి, ఎన్నిక అయ్యేదాకా ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళమన్నాడు. మొహమాటానికి ఓటేశారన్న మాట రాకూడదన్నాడు. తాళాలాయనకి మాత్రం చెప్పొద్దు, బాధపడతాడు అన్నాడు. ఏం చెప్పాలో తెలీక నేను కొత్త తాళం అని ఏదో వాగాను.” తాళాలాయన వైపు తిరిగి, “తప్పుగా అనుకోకండి,” అన్నాడు.

తాళాలాయన స్తంభం వైపు చూశాడు. మాస్టరు సగం కనుబొమల కింద నుంచి, పట్టుబడిన పిల్లవాడిలా చూస్తున్నాడు.

ఆ క్షణాన తాళాలాయనకి వచ్చింది సంతోషం కాదు, ఒళ్ళంతా చెమట. సంగతి తెలియనివాళ్ళందరి ముందూ తనే లేచి తన గుట్టు తనే విప్పేశాడు. ఎవరూ ఏమీ కనిపెట్టలేదు, ఒక్క నర్సమ్మ తప్ప. కోపంగా ఆమె మీదికి తోసినదంతా గాలిలో మేడే. తాళాలు ఎందుకు పోయాయో నిన్ననే తెలిసి ఉంటే ఇవాళ ‘తమ్ముడు’ అనే చెప్పి ఉండేవాడు. నిక్షేపంగా చెప్పి, ఇంటికెళ్ళి, మాస్టరు మొహం జన్మంతా చూడలేక బతికేవాడు. జీవితంలో ఒక్కసారి సరైన మాట చెప్పాడంటే అది అనుమానం తప్పయినందువల్లే. ఈ సంగతి ఆయనకి ఎంత గట్టిగా తగిలిందంటే, మాస్టరు పేరు చెల్లుతుందని చెప్పి మేడం చేతులెత్తమన్నప్పుడు తన చెయ్యి ఎత్తడం మర్చిపోయాడు. పక్కవాళ్ళు మోచేత్తో పొడవవలసి వచ్చింది.

మాస్టరు గెలిచాడు, బొటాబొటిగా.

మెట్లెక్కుతూ తాళాలాయన అన్నాడు, “నాకు ముందే చెప్పి ఉంటే, నేను తమ్ముడనే చెప్పేవాణ్ణి.”

“ఆ మాత్రం తెలీదా నాకు?” అన్నాడు మాస్టరు. “అయినా దానికోసం దాచలేదు. ఆ పలక నీ ప్రాణం, ఖాళీ చేయిస్తానంటే ఒప్పుకునేవాడివా?” అంటూ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మెట్ల మీద, పట్టపగలు, ఎవరైనా చూడొచ్చు. తాళాలాయన అలవాటుగా వెనక్కి తిరిగి చూశాడు గానీ చెయ్యి తీసెయ్యమనలేదు.

కథ ఇక్కడితో సుఖాంతమని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ సాయంత్రమే టైలరు తాళంచెవి తెచ్చి మేకుకి తగిలించి వెళ్ళాడు. తర్వాత ఇంకొందరు తెచ్చారు. అందరూ తేలేదు. లెక్చరరు మేడం ఎదురుపడితే ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది, సమానత్వం గురించి చక్కని మాటలు చెబుతుంది, ఆమె మేకు మాత్రం ఇప్పటికీ ఖాళీ. నాలుగో అంతస్తులో ఒకాయన రోజూ కొట్టు దగ్గర ఆగి టీ తాగేవాడు, ఇప్పుడు ఎదురు కాలిబాట మీంచి వెళ్తున్నాడు. తాళాలాయనకి ఇన్నాళ్ళూ అందరి మీదా సమానంగా ఉండే అనుమానం ఇప్పుడు కొందరి మీద నిజమై కూర్చుంది. అది ఆయనకి కొత్త బాధ. నవ్వినవాళ్ళని చూస్తే ఎగతాళేమో అనుకుంటాడు, నవ్వనివాళ్ళని చూస్తే అసహ్యమేమో అనుకుంటాడు. రెండో గదిలో మంచం మాత్రం అమ్మేశారు. ఆ గదిలో ఇప్పుడు పైపులు, పానాలు, మోటారు బెల్టులు ఉంటున్నాయి.

నాలుగు రోజుల తర్వాత, ఎండ నిప్పులు చెరిగే మధ్యాహ్నం, తలుపు దబదబా మోగింది. ఆ బాదుడు వినగానే తాళాలాయన చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వెళ్ళాడు. సందులోంచి చూశాడు. అయిదో అంతస్తు పెద్దాయన భార్య. ఓడిపోయినవాడి భార్య ఇంటిమీదికి వచ్చిందంటే పోట్లాటకే అనుకుని, మూడు తాళాలూ ఒకటొకటిగా తీసి, మనసు గట్టి చేసుకుని నిలబడ్డాడు.

ఆమె చేతిలో ఖాళీ బకెట్ ఉంది. నాలుగంతస్తులు దిగిన ఆయాసం, నుదుటంతా చెమట.

“మీ ఆయన లేరా?” అంది.

తాళాలాయన ఆమె మొహంలోకి చూశాడు. ముప్పయ్యేళ్ళుగా కొట్టుకి వచ్చిన వాళ్ళని చూసినట్టే, పెదవి చివర్లలో, కంటి కొసల్లో, వెటకారం ఎక్కడ దాక్కుందోనని శ్రద్ధగా వెతికాడు. చిరాకు తప్ప ఏమీ దొరకలేదు.

“అలా చూస్తారేమిటండీ? పొద్దుటినుంచీ మా ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ఓట్ల ముందు కాలికి బలపం కట్టుకుని తిరిగారు కదా, ఇప్పుడు పలికేవాళ్ళే లేరా? ఉన్నారా లేరా మీ ఆయన?”

తాళాలాయన తలుపు బార్లా తీశాడు.

“ఉన్నారండీ,” అన్నాడు. “మా ఆయన పడుకున్నారు. కూర్చోండి, లేపుతాను.”